పిల్లలతో ఫ్రాన్స్ పల్లెలకు: లువార్ లోయా, దోర్దోన్ లోయా, ఏది మేలు?

పారిస్‌లో ఉంటున్న మా ఇంటికి ఏటా వేసవిలో చుట్టాలు వస్తారు. ఐఫిల్ టవరూ డిస్నీల్యాండూ చూశాక, "పల్లెటూళ్ళ వైపు ఎక్కడికైనా వెళ్దామా అక్కా?" అని అడుగుతారు. పిల్లలు వెంట ఉంటే నాకు తోచేవి రెండే: రాజుల కోటలున్న లువార్ లోయ, గుహలూ పడవలూ ఉన్న దోర్దోన్ లోయ. మా పిల్లల్ని రెండు చోట్లకీ తిప్పాను. నా మనసు దోర్దోన్ మీదే ఉంది. అయినా అడిగిన ప్రతివాళ్ళకీ అదే చెప్పను.

ముందు ప్రయాణం సంగతి. కారు లేకపోతే లువార్‌కే వెళ్ళండి. పారిస్ నుంచి టీజీవీ అనే వేగపు రైల్లో గంటా గంటంపావులో తూర్ ఊరు చేరతాం. అక్కడ చిన్న రైలు ఎక్కితే అరగంటలో షెనన్సో కోట ఉన్న ఊరు. స్టేషన్ దిగి నాలుగడుగులు వేస్తే కోట గేటు. దోర్దోన్‌లో కారు లేనిదే పని జరగదు. పారిస్ నుంచి సార్లా ఊరికి ఐదు వందల కిలోమీటర్ల పైమాటే. రెండు రోజుల కోసం అంత దూరం పిల్లల్ని కూర్చోబెట్టకండి. కనీసం నాలుగు రోజులుండాలి.

లువార్‌లో పిల్లలకు బాగా పట్టేది షాంబోర్ కోట. 1519లో మొదటి ఫ్రాన్స్వా రాజు కట్టడం మొదలుపెట్టాడు. దాని నడుమ ఒకదాన్నొకటి చుట్టుకుంటూ పైకెళ్ళే రెండు మెట్లదారులున్నాయి. ఒక దారిలో మా పెద్దాడు, రెండో దారిలో చిన్నది ఎక్కారు. కిటికీల్లోంచి ఒకరికొకరు కనబడతారు, పిలుచుకుంటారు, కానీ మెట్ల మీద ఎక్కడా ఎదురుపడరు. ఆ మెట్ల మీదే గంట గడిచింది. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకు అక్కడ టికెట్ లేదు. అంబ్వాజ్‌లోని క్లో లూసే కూడా మంచిదే. లియొనార్డో డావించి చివరి మూడేళ్ళూ ఉన్న ఇల్లది. ఆయన గీసిన యంత్రాల్ని తోటలో పెద్దగా చేసి పెట్టారు, పిల్లలు చేత్తో తిప్పి చూడొచ్చు. ఇంకా చిన్నపిల్లలైతే బోవాల్ జూ ఉంది.

కానీ కోటలన్నాక గదులు, పరుపులు, పటాలు. రెండో కోట దగ్గరే "మళ్ళీ ఇదేనా అమ్మా?" మొదలవుతుంది. రోజుకు ఒక్కటి మించి పెట్టుకోవద్దు.

దోర్దోన్‌లో ఆ మాట నాకు వినబడలేదు. 1940 సెప్టెంబరులో నలుగురు కుర్రవాళ్ళు మోంతిన్యాక్ ఊరి పక్క అడవిలో ఒక బొరియలోకి దిగారు. లోపల గోడల నిండా ఎద్దులు, గుర్రాలు, దుప్పులు! పదిహేడు వేల ఏళ్ళకు పైబడిన బొమ్మలు. అదే లాస్కో గుహ. చూడవచ్చేవాళ్ళ ఊపిరికీ చెమ్మకీ గోడల మీద పాచి పట్టడంతో 1963లో మూసేశారు. ఇప్పుడు మనం చూసేది 2016లో తెరిచిన నకలు. నకలే కదా అని వదిలెయ్యకండి. దీపం వెలుగులో ఆ పెద్ద ఎద్దు నెత్తి మీద కనబడగానే మావాడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. దాన్ని కనిపెట్టింది పిల్లలేనని తెలిశాక ఆ రోజంతా కనబడిన ప్రతి కన్నంలోకీ తొంగి చూస్తూనే ఉన్నాడు.

కాస్తెల్నో కోట కూడా వేరే తరహా. అక్కడున్నవి పరుపులు కావు, యుద్ధ యంత్రాలు. మన పొలాల్లో పిట్టల్ని తోలే వడిసెలను ఇంటి ఎత్తున చేసి, బండరాళ్ళు విసరడానికి వాడితే ఎలా ఉంటుందో అలాంటివి. మధ్యాహ్నం కోట కింది నదిలో కనూ పడవ. వేసవిలో ప్రవాహం నెమ్మదిగా ఉంటుంది, లైఫ్ జాకెట్లు వాళ్ళే ఇస్తారు. కానీ ఈత రాని పిల్లల్ని ఎక్కించుకోరు.

తిండి దగ్గర మాత్రం లువారే నయం. దోర్దోన్‌లో ఏ హోటల్ చూసినా బాతు మాంసమే, శాకాహారులకు ఆమ్లెట్టో సలాడో దొరుకుతుంది. లువార్‌లో సేంత్-మోర్ అనే మేక చీజ్ ఉంటుంది, దుంగలా గుండ్రంగా, నడుమ ఒక గడ్డిపుల్లతో. ఆ పుల్ల లాగే హక్కు ఎవరిదని మావాళ్ళు రోజూ పోట్లాడుకునేవారు. ఎక్కడికెళ్ళినా రెండు దాటాక పల్లె హోటళ్ళలో భోజనం పెట్టరు. నిమ్మకాయ పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకుంటే ఆ చింత ఉండదు.

కాబట్టి ఐదేళ్ళ లోపు పిల్లలుండి, చేతిలో రెండు రోజులే ఉంటే లువార్. ఏడేళ్ళు దాటి, ఈత వచ్చి, కారు ఉంటే మరో ఆలోచన లేకుండా దోర్దోన్. అక్కడిదాకా వెళ్తే పాదిరాక్ బిలానికి ముందే ఆన్‌లైన్‌లో టికెట్ తీసుకోండి. డెబ్బై ఐదు మీటర్లు కిందికి దిగి, భూమి లోపలి నదిలో పడవెక్కుతారు. ఆగస్టు ఎండల్లోనూ లోపల పదమూడు డిగ్రీలే, పిల్లలకు స్వెటర్లు మర్చిపోకండి.