పిల్లల బొడ్డు హెర్నియా: ఆగడం మేలా, ఆపరేషన్ మేలా?

పసిబిడ్డ ఏడ్చినప్పుడల్లా బొడ్డు బుడగలా ఉబ్బుకొస్తుంటే కన్నవాళ్లకు గుండె గుభేలుమంటుంది. బిడ్డ నిద్రపోగానే అదే బొడ్డు మామూలైపోతుంది. వేలితో మెల్లగా నొక్కితే గుడగుడమంటూ లోపలికి జారుతుంది, బొడ్డు వెనక పొట్ట గోడలో ఉన్న కన్నం గుండ్రటి అంచు వేలికి తగులుతుంది. ఆ కన్నంలోంచి పేగులాంటిది బయటికి తోసుకురావడాన్నే హెర్నియా అంటారు. డాక్టరు చూసేది ముఖ్యంగా ఆ కన్నాన్నే. చిన్న కన్నంలోంచి కూడా పెద్ద ఉబ్బు రావచ్చు, కాబట్టి ఉబ్బు సైజు చూసి బెంబేలెత్తొద్దు.

బొడ్డుతాడు ఊడాక మూసుకోవాల్సిన ఆ కన్నం కొందరిలో, ముఖ్యంగా నెలలు నిండకుండా పుట్టినవాళ్లలో, ఆలస్యం చేస్తుంది. అయినా ఎక్కువమందికి 4, 5 ఏళ్లు వచ్చేలోపు తనంతట తానే పూడుకుపోతుంది. ఈలోపు పేగు అందులో ఇరుక్కోవడం చాలా అరుదు. ఆగితే మత్తు లేదు, కుట్లు లేవు. ఇంట్లోవాళ్ల టెన్షన్ మాత్రం ఉంటుంది, అది నిజమే.

ఆపరేషన్ చిన్నదే. పూర్తి మత్తు ఇచ్చి, బొడ్డు అంచున వంపుగా చిన్న గాటు పెట్టి, కన్నం అంచుల్ని దగ్గరకు లాగి కుట్టేస్తారు. పెద్దవాళ్లకు కన్నం మీద వేసే వలలాంటి అతుకు (మెష్) పిల్లలకు సాధారణంగా అక్కర్లేదు. చాలామంది పిల్లలు అదే రోజు ఇంటికి వచ్చేస్తారు. కానీ మత్తు మత్తే. దానంతట అదే మానేదానికి రెండేళ్ల బిడ్డను టేబులెక్కించడం నాకు న్యాయంగా అనిపించదు.

బొడ్డు మీద బిళ్ల పెట్టి ప్లాస్టర్ అంటించే పద్ధతి మాత్రం వద్దే వద్దు. కన్నం దానివల్ల మూసుకుంటుందన్న నమ్మకం లేదు సరికదా, కింద చర్మం ఒరుసుకుపోయి పుండవుతుంది.

నా మాట అడిగితే, నాలుగేళ్ల లోపు ఆగడమే మేలు. అయిదు దాటినా కన్నం అలాగే ఉంటే, లేదా ఒకటిన్నర సెంటీమీటర్లకు మించి ఉండి ఏటికేడు తగ్గకపోతే, ఇక వాయిదా వేయకండి. పెద్దయ్యాక పేగు ఇరుక్కునే ప్రమాదం పెరుగుతుంది, ఆడపిల్లలకైతే గర్భం వచ్చినప్పుడు ఒత్తిడి కూడా తోడవుతుంది.

ఈ ఆగడమన్నది బొడ్డుకే వర్తిస్తుంది. గజ్జల్లో హెర్నియా దానంతట అది పోదు, దానికి ఆలస్యం లేకుండా ఆపరేషన్ చేయించాలి. బొడ్డుకు కాస్త పైన వచ్చేదీ సాధారణంగా మూసుకోదు.

ఉబ్బు గట్టిపడి, రంగు మారి, ముట్టుకుంటే బిడ్డ గుక్కపట్టి ఏడుస్తూ వాంతులు చేసుకుంటుంటే వయసు లెక్కలు చూడొద్దు. ఉబ్బును బలవంతంగా లోపలికి నొక్కకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.