మోకాళ్ల నొప్పులున్న అమ్మతో బెర్లిన్ ప్రధాన రైల్వే స్టేషన్

మెట్లు ఎక్కలేని పెద్దవాళ్లను వెంటబెట్టుకుని బెర్లిన్ వెళ్లేవారు అక్కడి ప్రధాన స్టేషన్ హౌప్ట్‌బాన్‌హోఫ్‌కు దగ్గరలోనే బస చూసుకోవాలని నేను గట్టిగా చెబుతాను. అయితే ఆ స్టేషన్ పేరు చెప్పి గదులు అద్దెకిచ్చే హోటళ్ల గురించి మాత్రం ఒకటికి రెండుసార్లు విచారించుకోవాలి. 2025 వేసవిలో అమ్మతోనూ, మా వారితోనూ వెళ్లినప్పుడు ఈ రెండు సంగతులూ మాకు బాగా తెలిసివచ్చాయి.

విమానాశ్రయం నుంచి రైలు సుమారు అరగంటలో చేర్చింది. అప్పట్లో టికెట్ మనిషికి 4 యూరోల 70 సెంట్లు. మేము దిగిన ప్లాట్‌ఫారం నేలకు 15 మీటర్ల లోతున ఉంది. ఉత్తర దక్షిణాలుగా వెళ్లే రైళ్లు అక్కడ ఆగుతాయి. తూర్పు పడమరలుగా వెళ్లేవి, నగరంలో తిరిగే ఎస్-బాన్ రైళ్లతో సహా, నేలకు 10 మీటర్ల ఎత్తున గాజు కప్పు కింద ఆగుతాయి. ఆ ఎత్తు చూడగానే అమ్మ ముఖం చిన్నబోయింది. "నేనిక్కడే కూర్చుంటాను, మీరు వెళ్లి చూసిరండి" అంది. "మెట్లు లేవు అత్తయ్యగారూ, లిఫ్ట్ ఉంది" అని మా వారు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లారు. గాజు గోడల లిఫ్ట్ కదలగానే దుకాణాల అంతస్తులూ, కింద ఆగి ఉన్న రైళ్లూ ఒక్కొక్కటిగా కనిపిస్తుంటే, అమ్మ చేతిసంచి గుండెలకు హత్తుకుని కళ్లార్పకుండా చూసింది. పెట్టెలున్నవారంతా లిఫ్ట్‌ల కోసమే నిలబడతారు కనుక ఐదారు నిమిషాలు వేచి ఉండవలసి వస్తుంది. అయినా పాత లేర్టర్ స్టేషన్ ఉన్న చోట 2006లో ప్రారంభించిన ఈ కట్టడంలో మా అమ్మ ఒక్క మెట్టు కూడా ఎక్కలేదు.

మేము దిగిన హోటల్ సంగతి వేరు. రాత్రికి 126 యూరోలు. "స్టేషన్‌కు ఐదు నిమిషాల నడక, లిఫ్ట్ సౌకర్యం కలదు" అని బుకింగ్‌లో స్పష్టంగా రాసి ఉంది. తీరా వెళ్తే లిఫ్ట్ తలుపుకు మరమ్మతు కాగితం అతికించి ఉంది. గది మూడో అంతస్తులో ఇచ్చారు. అమ్మ పరిస్థితి చెప్పి కింది గది అడిగితే, కౌంటర్‌లోని మనిషి తల ఎత్తకుండానే, కావాలంటే రాత్రికి మరో 35 యూరోలు కట్టమన్నాడు. తమ లిఫ్ట్ పాడైతే దానికి ముసలావిడ దగ్గర అదనంగా వసూలు చేయడం ఏ వ్యాపార ధర్మమో నాకు అర్థం కాలేదు. మొదటి రాత్రి అమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని, మలుపు మలుపుకూ ఆగి ఊపిరి తీసుకుంటూ ఎక్కింది. పెట్టెలు మోసిన మా వారు ఆ రాత్రి ఎవరితోనూ మాట్లాడలేదు. తెల్లవారగానే ఆ 35 యూరోలూ కట్టి కిందికి మారాము. నగరం వసూలు చేసే 7.5 శాతం బస పన్ను దీనికి అదనం. అది అందరూ కట్టేదే కనుక దాని మీద నాకు ఫిర్యాదు లేదు. లిఫ్ట్ పనిచేస్తోందా అని బయలుదేరే ముందే మెయిల్‌లో అడిగి, రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి.

నగరంలో తిరగడం హాయిగా సాగింది. 2025లో 3 యూరోల 80 సెంట్లున్న టికెట్‌తో రెండు గంటలపాటు ఒకే దిశలో ఎస్-బాన్, సబ్‌వే, ట్రామ్, బస్సు ఏదైనా మారవచ్చు. ఎక్కడా గేట్లు ఉండవు, కానీ కాగితపు టికెట్‌ను యంత్రంలో పెట్టి ముద్ర వేయించుకోకపోతే 60 యూరోల జరిమానా పడుతుంది. సబ్‌వే, ట్రామ్ రెండూ ప్రధాన స్టేషన్‌కు యూరోపాప్లాట్జ్ వైపు, అంటే ఉత్తరం వైపు దొరుకుతాయి. 2020 డిసెంబరులో అలెగ్జాండర్‌ప్లాట్జ్ కూడలి వరకూ కలిపిన యూ5 సబ్‌వేలో మ్యూజియమ్‌ఇన్సెల్ స్టేషన్ దగ్గర తప్పక దిగండి. పట్టాల మీది నీలి కప్పులో వేలకొద్దీ దీపాలు నక్షత్రాల్లా అమర్చారు. అమ్మకు మాత్రం ఎం10 ట్రామే నచ్చింది. దాని గడప నేలకు దగ్గరగా ఉండటంతో ఆమె ఎవరి సాయమూ లేకుండా ఎక్కి, బెర్నౌవర్ వీధిలో బెర్లిన్ గోడ స్మారకం వరకూ కిటికీ పక్కనే కూర్చుంది.

ఆదివారం ఊళ్లో దుకాణాలు మూసేస్తారు, స్టేషన్‌లోనివి తెరిచే ఉంటాయి. గట్టి రొట్టెలతో విసిగిపోయిన అమ్మకు అక్కడే 3 యూరోలకు వట్టి అన్నం, 1 యూరో 29 సెంట్లకు పెరుగు డబ్బా దొరికాయి. స్ప్రే నది వైపు బల్ల మీద కూర్చుని కలుపుకుని తిన్నాక ఆమె ముఖం తేటపడింది. ఆ ప్రయాణమంతటిలో అంత ఇష్టంగా ఆమె మరేదీ తినలేదు.

స్టేషన్‌లో నాకు కనిపించిన లోపం ఒక్కటే. పై అంతస్తు గాజు కప్పును 430 మీటర్లు కట్టాలనుకుని, ఫుట్‌బాల్ ప్రపంచకప్ నాటికి పూర్తి కావాలని 321 మీటర్లకు కుదించారు. అందువల్ల పొడవైన రైళ్ల చివరి బోగీలు కప్పు బయటే ఆగుతాయి. కొలోన్ వెళ్లే రోజు మా బోగీ చివరన పడటంతో వానలో తడుస్తూ నిలబడ్డాము. పెద్దవాళ్లతో వెళ్లేవారు సీటు రిజర్వు చేసుకునేటప్పుడే మధ్య బోగీ అడగాలి. బోగీ ఏ అక్షరం దగ్గర ఆగుతుందో ప్లాట్‌ఫారం బోర్డు మీద చూసుకుని, రైలు వచ్చేదాకా కప్పు కిందే ఉండాలి.