సొరంగం కోసం సామోస్, పళ్ల చక్రాల కోసం ఏథెన్స్

గ్రీకుల లెక్కలు, సైన్సు కోసమే గ్రీసు వెళ్లాలనుకునేవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఇది: ఏథెన్స్‌లో ఒకట్రెండు రోజులు తగ్గించుకుని సామోస్ దీవికి వెళ్లండి. అక్రోపోలిస్ (ఏథెన్స్ కొండ మీది పురాతన గుళ్లు) మానేయమని కాదు. పదో తరగతిలో చదువుకున్న సరూప త్రిభుజాల లెక్కలు కొండల్లో, కంచులో ఎలా పనిచేశాయో చూడాలంటే మాత్రం రెండే చోట్లు ముఖ్యం. ఒకటి సామోస్‌లో కొండను తొలిచిన పాతకాలపు నీటి సొరంగం, రెండోది ఏథెన్స్ మ్యూజియంలో ఓ అద్దాల పెట్టెలో ఉన్న కంచు యంత్రం. నేనూ, మా ఆవిడా, ఇంటర్ చదివే మా అమ్మాయీ దసరా సెలవుల్లో వెళ్లొచ్చాం. ఎండ మరీ లేదు, జనమూ తక్కువే.

ఏథెన్స్‌లో మొదట ఓమోనియా దగ్గర దిగాం. అక్కడ రూములు చవకే, మ్యూజియానికి నడిచి వెళ్లిపోవచ్చు. కానీ పొద్దుపోయాక కుటుంబంతో తిరగడానికి ఆ వీధులు బాగుండవు. మేం తీసుకున్న హోటల్లో ఫొటోలో చూపించిన గది ఒకటి, ఇచ్చింది ఇంకొకటి. కిటికీ తెరిస్తే ఎదురుగా గోడ. మార్చమంటే కుదరదన్నారు. మర్నాడే అక్రోపోలిస్‌కు దక్షిణాన ఉన్న కూకాకి వైపు చిన్న వంటగది ఉన్న అపార్ట్‌మెంట్‌కు మారాం. అద్దె కొంచెం ఎక్కువైనా మెట్రో దగ్గర, రాత్రిపూట టెన్షన్ లేదు. పిల్లలతో వెళ్లేవాళ్లు నేరుగా అక్కడే చూసుకోండి.

జాతీయ పురావస్తు మ్యూజియంలో జనమంతా బంగారు ముసుగుల దగ్గరా, పాలరాతి విగ్రహాల దగ్గరా ఉంటారు. మీరు ఆంటికిథెరా యంత్రం ఎక్కడుందో అడిగి ముందు అక్కడికి వెళ్లండి. చంద్రుడి నడకను, గ్రహణాలను లెక్కగట్టడానికి ప్రాచీన గ్రీకులు పళ్ల చక్రాలతో (గేర్లతో) చేసిన యంత్రం అది. పొద్దున్నే వెళ్తే అద్దానికి దగ్గరగా నిలబడి తీరిగ్గా చూడొచ్చు. 1900లో స్పాంజిల కోసం సముద్రంలోకి దిగిన ఈతగాళ్లకు ఆంటికిథెరా దీవి దగ్గర మునిగిన ఓడ కనిపించింది. అందులోంచి 1901లో పైకి తీసిన వస్తువుల్లో ఇదొకటి. రెండు వేల ఏళ్లు ఉప్పునీటిలో నాని పచ్చగా చిలుముపట్టిన కంచు ముక్కలు. పెద్ద ముక్క అరచేతి కంటే కాస్త పెద్దది, అంతే. దాని మీద నాలుగు ఆకుల చక్రం తేలి కనిపిస్తుంది. వంగి చూస్తే అంచు వెంబడి సన్నటి త్రికోణాకారపు పళ్లు ఒక్కొక్కటే కనబడతాయి.

ఇప్పటికి మిగిలిన పళ్ల చక్రాలు 30. వాటిలో ఒకదానికి 223 పళ్లు. 223 చాంద్రమాసాలకు, అంటే సుమారు 18 ఏళ్ల 11 రోజులకు గ్రహణాలు అదే వరుసలో తిరిగి వస్తాయి. ఆ లెక్కనే చక్రంగా కోశారు. 19 ఏళ్లకు 235 చాంద్రమాసాలన్న లెక్కకు ఇంకో డయల్ ఉంది. అన్నిటికంటే నన్ను ఎక్కువసేపు నిలబెట్టేసింది చంద్రుడి ఏర్పాటు. చంద్రుడు ఆకాశంలో ఒకే వేగంతో నడవడు. ఆ తేడాను చూపించడానికి ఒక చక్రం మీద చిన్న మేకు దిగ్గొట్టి, దాన్ని ఇంకో చక్రంలోని గాడిలో కదిలేలా పెట్టారు. రెండు చక్రాల ఇరుసులు ఒకే చోట ఉండవు, కాస్త పక్కకు జరిగి ఉంటాయి. అందువల్ల రెండో చక్రం ఒకసారి నెమ్మదిగా, ఒకసారి వేగంగా తిరుగుతుంది. ఆకాశాన్ని ఏళ్ల తరబడి చూసి, దాన్ని జ్యామితిగా మార్చి, ఆ జ్యామితిని కంచులో కోసిన మనుషుల పని ఇది. 2005లో ఎక్స్‌రే స్కాన్లు చేశాకే లోపలి సంగతులు చాలావరకు బయటపడ్డాయి. పక్కనే పెట్టిన నమూనాలు చూశాకే మా అమ్మాయికి పూర్తిగా బోధపడింది. కాబట్టి ముక్కలు చూసేసి వెంటనే ముందుకు వెళ్లిపోకండి.

ఇదే సంగతి చేత్తో తిప్పి చూడాలంటే కొలొనాకీలో కొట్సనాస్ ప్రాచీన గ్రీకు సాంకేతిక మ్యూజియం ఉంది. అక్కడున్నవన్నీ ఇప్పుడు తయారుచేసిన నమూనాలే అయినా పిల్లలకు పెద్ద మ్యూజియం కంటే ఇక్కడే ఎక్కువ అర్థమవుతుంది. ప్రాచీన గ్రీకు ఇంజనీరు బైజాంటియం ఫిలోన్ వర్ణించిన పనిమనిషి బొమ్మ చేతిలో గ్లాసు పెడితే మొదట ద్రాక్షసారా, తర్వాత నీళ్లు పోస్తుంది. గాలి పీడనం, బరువు తప్ప లోపల ఇంకేమీ లేవు. రోమన్ అగోరా (రోమన్ల కాలపు సంత)లోని గాలుల గోపురం కూడా వదలొద్దు. ఎనిమిది ముఖాల పాలరాతి కట్టడం, ప్రతి ముఖం మీదా ఎండ గడియారపు గీతలు, లోపల ఒకప్పుడు నీటి గడియారం. తత్వవేత్తలు పాఠాలు చెప్పిన ప్లేటో అకాడమీ, అరిస్టాటిల్ లైసియం మాత్రం పేర్లు పెద్దవి, చూడటానికి మిగిలింది పునాదులే. అకాడమీ ఇప్పుడు చుట్టుపక్కలవాళ్లు కుక్కల్ని తిప్పుకునే పార్కు. టైమ్ ఉంటేనే వెళ్లండి.

సామోస్‌కు ఏథెన్స్ నుంచి విమానంలో సుమారు గంట. ఏథెన్స్ రేవు పిరేయస్ నుంచి ఓడలో అయితే రాత్రంతా పడుతుంది. విమానమే నయం. దిగే ఎయిర్‌పోర్టు పేరు అరిస్టార్కస్. భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతుందని క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలోనే చెప్పిన అరిస్టార్కస్ ఈ దీవివాడే. బస పిథాగోరియో ఊళ్లో పెట్టుకోండి, దీవిలోని ఇంకో ఊరు వాథిలో వద్దు. సొరంగం, రేవు, మ్యూజియం అన్నీ ఇక్కడే దగ్గర. ఇంటివాళ్లే నడిపే గదులు శుభ్రంగా, హోటళ్ల కంటే చవకగా ఉన్నాయి. శీతాకాలంలో చాలావరకు మూసేస్తారు. కారు అద్దెకు తీసుకుంటే ఉన్న గీతలన్నీ ముందే ఫొటోలు తీసుకోండి. మేం తీసుకున్న చోట పాత గీతకు మా డిపాజిట్‌లో కోత పెట్టబోయారు. ఫొటో చూపించాక ఊరుకున్నారు.

ఇక సొరంగం. పేరు యూపలినోస్ సొరంగం, క్రీస్తుపూర్వం 6వ శతాబ్దంనాటిది, పొడవు 1,036 మీటర్లు. కొండకు అవతల ఉన్న ఊటనీళ్లు ఊళ్లోకి తేవడానికి మెగరా అనే ఊరి నుంచి వచ్చిన ఇంజనీరు యూపలినోస్ రెండు వైపుల నుంచీ ఒకేసారి తవ్వించాడు. ఆయన పేరును ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరడోటస్ రాసిపెట్టాడు. ఉలి, సుత్తి, నూనె దీపాలు, సున్నపురాయి కొండ. దిక్సూచి లేదు. యూక్లిడ్ జ్యామితి పుస్తకం రావడానికి ఇంకా రెండు వందల ఏళ్లకు పైనే ఉంది.

టికెట్లు ముందే బుక్ చేసుకోండి. చిన్న చిన్న గుంపులుగా గైడుతోనే పంపిస్తారు, హెల్మెట్ ఇస్తారు. చిన్న మార్గం, కొంచెం పెద్దది, ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లేది అని మూడు రకాలున్నాయి. మోకాళ్ల నొప్పుల వల్ల మా ఆవిడ చిన్నదే ఎంచుకుంది. నేనూ అమ్మాయీ మొత్తం నడిచాం. దిగేటప్పుడు మెట్లు నిటారుగా ఉంటాయి, తర్వాత కొంత దూరం భుజాలు రెండువైపులా గోడకు తగిలేంత ఇరుకు. ఊపిరాడనట్టు అనిపించేవాళ్లు దిగకపోవడమే మంచిది. ఆ ఇరుకు దాటాక మనిషి ఎత్తున, అంతే వెడల్పున దారి తెరుచుకుంటుంది. పక్కనే జాలీ వేసిన లోతైన గాడి. నీళ్లు పారింది ఆ గాడిలో వేసిన మట్టి గొట్టాల్లో. మనం నడిచే నేల దాదాపు సమతలం. వాలంతా ఆ గాడికే ఉంది, ఊరి వైపు చివరికొచ్చేసరికి దాని లోతు ఎనిమిది మీటర్లకు పైనే. గోడ మీద కొలతల కోసం రాసుకున్న ఎర్ర అక్షరాలు ఇంకా కొన్ని మిగిలాయి.

రెండు సొరంగాలు కలిసిన చోట గైడు ఆగి వివరిస్తారు. ఉత్తరం వైపు రాయి వదులుగా ఉండటంతో తిన్నగా తవ్వలేక త్రిభుజం గీసినట్టు పక్కకు తిరిగి, మళ్లీ పాత గీత మీదికి వచ్చారు. మధ్యకు చేరేటప్పటికి రెండు సొరంగాలనూ కావాలనే మలుపు తిప్పారు. తిన్నగా వెళ్తే చిన్న తేడాకే ఒకదాని పక్కనుంచి ఒకటి దాటిపోవచ్చు. మలుపు తిప్పితే ఒకదాన్నొకటి కోసుకోక తప్పదు. ఎత్తులో వచ్చిన తేడా మీటరు కూడా లేదు. ఇది అదృష్టం కాదు. తప్పు జరగొచ్చని ముందే ఊహించి, ఆ తప్పును కూడా లెక్కలోకి తీసుకున్న ఇంజనీరింగ్. సైన్సు అంటే నాకు ఇదే. దీన్ని చూశాక మిగతా గ్రీసు మీద నా గౌరవం రెట్టింపైంది.

ఊళ్లో పైథాగరస్ విగ్రహం రేవు ఒడ్డున ఉంది. లంబకోణ త్రిభుజం ఆకారంలో 1988లో పెట్టింది. ఫొటోకు బాగుంటుంది. ఆయన ఈ దీవిలో పుట్టి, తర్వాత దక్షిణ ఇటలీలోని క్రోటన్‌కు వెళ్లిపోయాడు. కర్ణం మీది చతురస్రం సంగతి బాబిలోనియావాళ్లకూ, మన శుల్బ సూత్రాల బౌధాయనుడికీ తెలుసు. గ్రీకుల ఘనత ‘ఎందుకు’ అని అడిగి నిరూపణ రాయడం. యూక్లిడ్ మొదటి పుస్తకంలో 47వ ప్రతిపాదన అదే. పైథాగరస్ గుహ అని కెర్కిస్ కొండ మీద చూపించేదానికి చాలా దూరం డ్రైవ్ చేసి కొండెక్కాలి. అంత శ్రమ పడక్కర్లేదు. హేరా దేవత గుడి హేరాయన్‌లో నిలిచి ఉన్న స్తంభం ఒక్కటే, గంట చాలు.

శాకాహారులకు భయం లేదు. ‘నిస్తిసిమో’ అని అడగండి, ఉపవాసపు వంటలు తెస్తారు. మాంసం, పాలు, గుడ్లు ఉండవు గానీ రొయ్యల్లాంటివి ఉండొచ్చు, అది విడిగా అడగాలి. పచ్చబఠాణీ పప్పులాంటి ఫావా, పెద్ద చిక్కుడు గింజల గిగాంతెస్, అన్నం కూరిన టమాటాల గెమిస్తా మాకు బాగా నచ్చాయి.

సామోస్ నుంచి టర్కీ ఒడ్డున ఉన్న కుశదాసికి పడవలున్నాయి. అక్కడి నుంచి తొలితరం గ్రీకు తత్వవేత్త థేల్స్ ఊరు మిలేటస్‌కు రోడ్డు మీద వెళ్లి రావచ్చు. అలా వెళ్లాలనుకుంటే షెంగెన్ వీసా మల్టిపుల్ ఎంట్రీకే దరఖాస్తు చేయండి. సింగిల్ ఎంట్రీ అయితే పడవ ఎక్కాక తిరిగి గ్రీసులోకి రానివ్వరు. టర్కీ వీసా పని కూడా ఇక్కడి నుంచి బయల్దేరేలోపే చూసుకోండి.