హీట్ పంప్ మరమ్మతు: గ్యాస్ కన్నా ముందు నీళ్లు చూసిన సర్వీసు

హైదరాబాదులో మా అపార్టుమెంట్ల ఈత కొలనుకు డిసెంబరు వచ్చిందంటే నీటిని వెచ్చబెట్టే హీట్ పంపే దిక్కు. ఉదయం పిల్లల శిక్షణ అయినా, ఆ తరువాత మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు నీళ్లలో చేసే వ్యాయామం అయినా, నీరు 28 డిగ్రీల దగ్గర ఉంటేనే సాగుతుంది. పోయిన చలికాలం ఆ యంత్రం ఇరవై నిమిషాలు నడవడం, తెర మీద హై ప్రెషర్ అని చూపించడం, ఆగిపోవడం మొదలుపెట్టింది. నీరు 23 డిగ్రీలు దాటలేదు. సంఘంలో కొలను బాధ్యత నాది కనుక ముందు ఒక సంస్థను, పని కాకపోవడంతో మరో సంస్థను పిలిపించాను. ఇద్దరి పేర్లూ ఇక్కడ రాయడం లేదు. పని చేసిన తీరు మాత్రం వివరంగా రాస్తాను.

మొదట వచ్చినవారు పది నిమిషాలు చూసి, గ్యాస్ తగ్గిందని చెప్పి, నింపి వెళ్లారు. మర్నాడు యంత్రం పన్నెండు నిమిషాలకే ఆగింది. మళ్లీ పిలిస్తే కంప్రెసర్ పోయిందని, మార్చాల్సిందేనని లక్షల్లో అంచనా ఇచ్చారు. స్కూటర్లో పెట్రోలులాగా హీట్ పంప్‌లో గ్యాస్ వాడకంతో అయిపోయేది కాదు. మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. కారే చోటు వెతకకుండా గ్యాస్ నింపడానికి నేను ఒప్పుకోవడమే పొరపాటు.

రెండో సంస్థ నుంచి వచ్చిన ఇద్దరిలో పెద్దాయన గ్యాస్ గేజి పెట్టె తెరవనే లేదు. నేరుగా పంపు గదికి వెళ్లి, ఫిల్టరుకు బ్యాక్‌వాష్ (నీటిని ఎదురు దిశలో పంపి మురికి కడగడం) చేసి ఎన్నాళ్లయిందని కొలను చూసే కుర్రాడిని అడిగారు. ఫిల్టరు శుభ్రంగా ఉన్నప్పుడు 0.8 బార్ ఒత్తిడి చూపించే మీటరు ఆ రోజు 1.6 దగ్గర ఉంది, అంటే ఫిల్టరు మురికితో పూడుకుపోయింది. తరువాత యంత్రంలోకి నీరు వెళ్లే గొట్టానికి ఒక థర్మామీటరు, బయటికి వచ్చే గొట్టానికి మరొకటి బిగించి, యంత్రం నడిపించి, పక్కనే కూర్చున్నారు. పది నిమిషాలకు లోపలికి వెళ్లే నీరు 23, బయటికి వచ్చేది 41. "చెయ్యి పెట్టి చూడండి సార్" అన్నారు. గొట్టం వేడిగా ఉంది. ఇంత పెద్ద యంత్రానికి ఆ రెండింటి మధ్య తేడా రెండు, మూడు డిగ్రీలకు మించకూడదట. గాలి నుంచి లాగిన వేడిని టైటానియం గొట్టం దగ్గర నీటికి అప్పగించడమే హీట్ పంప్ పని; ఆ వేడిని మోసుకుపోవడానికి చాలినంత నీరు రాకపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది, యంత్రం తనను కాపాడుకోవడానికి ఆగిపోతుంది.

నీరు ఎందుకు రావడం లేదన్నది మరో అరగంటలో తేలింది. వేసవిలో యంత్రం ఆపి ఉంచినప్పుడు నీరు దాన్ని తప్పించుకుని పోయేలా కుర్రాడు బైపాస్ వాల్వ్ పూర్తిగా తెరిచాడు. చలికాలం మొదలయ్యాక మళ్లీ తిప్పాలని అతనికి ఎవరూ చెప్పలేదు. తప్పు అతనిది కాదు, మాది. అంతకన్నా నన్ను కలవరపెట్టినది మూత తీశాక కనిపించింది. నీరు చాలనప్పుడు యంత్రాన్ని ముందే ఆపాల్సిన ఫ్లో స్విచ్ రెండు తీగలను పాత రిపేరులో ఎవరో కలిపేసి టేపు చుట్టారు. స్విచ్ మాటిమాటికీ ఆపుతోందని దాని నోరు నొక్కేశారన్నమాట. అందుకే అసలు లోపం తెర మీదికి రాక, హై ప్రెషర్ అన్న రూపంలో బయటపడింది.

బ్యాక్‌వాష్ చేసి, బైపాస్ సరిచేశాక తేడా రెండు డిగ్రీల పైచిలుకుకు దిగింది. గ్యాస్ మొత్తం బయటికి తీసి తూచితే, యంత్రం పలక మీద రాసిన బరువు కన్నా దాదాపు 700 గ్రాములు ఎక్కువ ఉంది. గొట్టాల్లో గాలి, తేమ లేకుండా లాగేసి (వ్యాక్యూమ్ చేసి), పలక మీది లెక్క ప్రకారమే మళ్లీ ఎక్కించారు. కంప్రెసర్ నిక్షేపంగా ఉంది. యంత్రం కింద నీటి మడుగు చూసి లీకేజీ అని ఫిర్యాదులు వచ్చేవి. ఆయన ఆ నీటిని గాజు గొట్టంలో పట్టి క్లోరిన్ ఉందో లేదో చూపే పరీక్ష చుక్కలు వేశారు, రంగు మారలేదు. కొలను నీటిలో వేస్తే పసుపు రంగుకు మారింది. మడుగు గాలిలోని తేమే.

వెళ్లే ముందు ఇచ్చిన లెక్క నాకు ఎంతో ఉపయోగపడింది. వెయ్యి లీటర్ల నీరు ఒక డిగ్రీ వేడెక్కడానికి 1.16 యూనిట్ల (కిలోవాట్-గంటల) వేడి కావాలి. మా కొలనులో లక్షా ఎనిమిది వేల లీటర్లు. అంటే డిగ్రీకి 125 యూనిట్లు. 40 కిలోవాట్ల వేడి ఇచ్చే యంత్రానికి డిగ్రీకి మూడు గంటల పైన పడుతుంది, తెల్లవారుజాము చలిలో ఇంకా ఎక్కువ. రాత్రి కొలను మీద కవరు కప్పకపోతే పగలు ఎక్కించిన వేడిలో చాలా భాగం ఆవిరితో పోతుంది. ఇన్నేళ్లూ సాయంత్రం మీట నొక్కి ఉదయానికల్లా వెచ్చని నీరు ఆశించిన మాకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

లోపాలూ రాయాలి. చెప్పిన రోజు కాక మర్నాడు వచ్చారు. కొత్త ఫ్లో స్విచ్ రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. అప్పటిదాకా కుర్రాడు దగ్గరుండగా మాత్రమే యంత్రం నడపమన్నారు, అంటే శిక్షణ మరో వారం వాయిదా పడింది. విజిటింగ్ చార్జి సంగతి ముందే చెప్పకుండా బిల్లులో చూపించారు. అయినా మొత్తం బిల్లు మొదటి సంస్థ కంప్రెసర్‌కు ఇచ్చిన అంచనాలో పదో వంతు కూడా కాలేదు. ఈ ఏడాది వార్షిక ఒప్పందం వీరికే ఇచ్చాము. వచ్చిన ప్రతిసారీ రెండు గొట్టాల ఉష్ణోగ్రతలు, ఫిల్టరు ఒత్తిడి మా రిజిస్టరులో రాసి సంతకం పెట్టాలన్న షరతుకు వెంటనే ఒప్పుకున్నారు.