తిరగబెట్టిన సీఎల్‌ఎల్‌కు మూడు మందులు: ఏది ఎవరికి నప్పుతుంది

సీఎల్‌ఎల్ అంటే నెమ్మదిగా ముదిరే ఒక రకం తెల్ల రక్తకణాల క్యాన్సర్. తిరగబెడితే వాడే మందులు ఇబ్రుటినిబ్, అకాలబ్రుటినిబ్, జానుబ్రుటినిబ్. మూడూ ఆ క్యాన్సర్ కణాలు బతకడానికి వాడుకునే బీటీకే ఎంజైమును అడ్డుకునే నోటి మందులే. మొదటిదానితో మిగతా రెండూ విడివిడి ట్రయల్స్‌లో తలపడ్డాయి.

జానుబ్రుటినిబ్‌ను ఇబ్రుటినిబ్‌తో పోల్చిన ఆల్పైన్ ట్రయల్‌లో 652 మంది. రెండేళ్లకు జబ్బు ముదరకుండా ఉన్నవాళ్లు జానుబ్రుటినిబ్‌తో 78.4 శాతం, ఇబ్రుటినిబ్‌తో 65.9 శాతం. గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ జానుబ్రుటినిబ్‌తో 5.2 శాతం మందికి, ఇబ్రుటినిబ్‌తో 13.3 శాతం మందికి. అకాలబ్రుటినిబ్‌ను ఇబ్రుటినిబ్‌తో పోల్చిన ఎలివేట్-ఆర్‌ఆర్‌లో 533 మంది, అందరూ 17పీ లేదా 11క్యూ క్రోమోజోము ముక్క పోయిన మొండి రకం వాళ్లు. అక్కడ జబ్బును ఆపడంలో తేడా లేదు, జబ్బు ముదరకుండా గడిచిన మధ్యస్థ కాలం రెండిటికీ 38.4 నెలలే. లయ తప్పడం మాత్రం అకాలబ్రుటినిబ్‌కు 9.4 శాతం, ఇబ్రుటినిబ్‌కు 16. ఈ రెండు ట్రయల్స్ అంకెలు పక్కపక్కన పెట్టి జానుబ్రుటినిబే అన్నిటికన్నా మేలని తేల్చేయకండి, రోగులే వేరు.

గుండె జబ్బున్నవాళ్లకు ఇబ్రుటినిబ్‌ మా లెక్కలో చివరిది. 420 మిల్లీగ్రాములు రోజుకు ఒక్కసారే అన్న సుఖం ఉంది గానీ, జానుబ్రుటినిబ్ 80 మిల్లీగ్రాముల గుళికలు కూడా నాలుగూ ఒకేసారి వేసుకోవచ్చు, లేదా పూటకు రెండు.

అకాలబ్రుటినిబ్ 100 మిల్లీగ్రాముల చొప్పున 12 గంటలకోసారి. మూడు గంటలు దాటిపోతే ఆ డోసు వదిలేయాలి, తర్వాతిది రెట్టింపు చేయకూడదు. దీని చిక్కంతా గ్యాస్ బిళ్లతోనే. పరగడుపున పాంటాప్రజోల్ పడనిదే రోజు మొదలవ్వని ఇళ్లు మన గోదావరి జిల్లాల్లో బోలెడు. కడుపులో ఆమ్లం తగ్గితే అకాలబ్రుటినిబ్ గుళిక సరిగా కరగదు, ఒంటికి పట్టదు. టాబ్లెట్ రూపానికి ఆ బెడద లేదు. చీటీలో గుళికా, టాబ్లెట్టా అన్నది చూసుకోండి.

మూడిటికీ ఉన్న అసలు ప్రమాదం పక్క మందులే. చేపల చెరువుల్లో, వరిచేలల్లో తడిలో నానేవాళ్లకు గజ్జల్లో తామర మామూలు. దానికి ఆర్‌ఎంపీ ఇచ్చే ఇట్రాకొనజోల్ ఈ మూడు మందుల్నీ లివర్‌లో విరగనివ్వదు, మోతాదు రక్తంలో పేరుకుపోతుంది. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌దీ అదే దారి. పెరటి పంపరపనస కూడా గ్రేప్‌ఫ్రూట్‌కు చుట్టమే, మానేయడం మంచిది. నడుం నొప్పికి డైక్లోఫెనాక్ వేస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. పన్ను పీకించుకోవాలన్నా ముందు రక్త జబ్బుల డాక్టరును (హెమటాలజిస్టు) అడగాలి, ఆపరేషన్‌కు అటూ ఇటూ 3 నుంచి 7 రోజులు మందు ఆపమంటారు.

మొదటి వారాల్లో లింఫోసైట్ల (ఒక రకం తెల్ల రక్తకణాలు) లెక్క పెరిగితే బెంబేలెత్తి ఆపేయకండి. గడ్డల్లోంచి కణాలు రక్తంలోకి దిగుతున్నాయంతే. అమలాపురమైనా, భీమవరమైనా వీధి మెడికల్ షాపులో ఇవి నిల్వ ఉంటాయనుకోవద్దు. పది రోజుల మందు మిగిలుండగానే ఆర్డరు పెట్టండి.