మా కాంప్లెక్సుకి మాస్టర్ కీ వేయించిన షాపు: నాలుగు స్టార్లు

ఈ షాపుకి నేను పోయింది ఒకే ఒక్క మాట చెప్పడానికి. "భాయ్, మా బిల్డింగులో అన్ని తలుపులూ ఒక్క చెవితో తెరుచుకోవాలి, ఎంతవుతుంది?" ఆయన నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి టీ తెప్పించి, ఆ కోరికలో సగం ఎందుకు పనికిరాదో గంటన్నర సేపు చెప్పి, ఒక తెల్ల కాగితం చేతిలో పెట్టి ఇంటికి పంపించాడు. బీగాలు అమ్మేవాడు బీగం అమ్మకుండా పంపడం నా నలభై ఏడేళ్లలో అదే మొదటిసారి. రివ్యూ కొంచెం పొడుగ్గా ఉంటుంది, కాంప్లెక్సులు, ఆఫీసు బిల్డింగులు చూసుకునేవాళ్లు ఓపిగ్గా చదవండి, ఇంటికి ఒక తాళం కావాలనుకునేవాళ్లు కింద చివరి పేరా చూసుకుంటే చాలు.

మాది కర్నూలులో రాజ్ విహార్ సెంటర్ నుంచి నడిచిపోయేంత దూరంలో గ్రౌండ్ మీద మూడంతస్తుల కాంప్లెక్సు. కింద ఎనిమిది షట్టర్లు, మొదటి ఫ్లోర్‌లో ల్యాబు, బంగారం మీద అప్పులిచ్చే ఆఫీసు, రెండులో కోచింగ్ సెంటర్, ఒక ఆడిటర్ గారు, మూడులో చిన్న చిన్న ఆఫీసు గదులు. నాయన ఉన్నప్పుడు అన్నిటి డూప్లికేట్ చెవులూ ఒక ఇనప రింగుకి తగిలించి దేవుని గూట్లో పెట్టేవాడు. గుత్తి అంటే అందరికీ అనంతపురం పోయే దారిలో ఊరు, మా ఇంట్లో మాత్రం ఆ బీగాల గుత్తి. 2009 అక్టోబర్‌లో వరద వచ్చి ఊరు మునిగినప్పుడు గుత్తి దొరికింది గానీ చెవులకు అంటించిన కాగితం ముక్కలన్నీ నీళ్లలో పోయాయి. ఏ చెవి ఏ తలుపుదో ఎవరికీ తెలీదు. బురద ఎత్తిపోసుకోవడం ఒక పని అయితే షట్టర్ల బీగాలు కోయించడం ఇంకో పని అయింది. అయినా బుద్ధి రాలేదు, మళ్లీ కొత్త కాగితాలు అంటించుకుని అదే రింగు.

బుద్ధి వచ్చింది మొన్నటి సంక్రాంతికి. మూడో ఫ్లోర్‌లో ఒకాయన నీళ్లు రానప్పుడు కుళాయి తిప్పి అట్లే వదిలేసి బెంగళూరు పోయాడు. రాత్రి మోటారు వేయగానే నీళ్లు వచ్చాయి, కిందికి కారాయి, తెల్లారేసరికి ఆడిటర్ గారి ఫైళ్లు నానిపోయాయి. గుత్తిలో 47 చెవులు. వాచ్‌మన్ ఒక్కొక్కటే పెట్టి చూస్తున్నాడు, నేను ఫోన్లో తిడుతున్నాను, చివరికి తలుపు అద్దం పగలగొట్టి లోపలికి పోయాడు.

ఆ వారంలోనే తొందరపడి ఒక తప్పు చేశాను. ఒక ఫిట్టర్ వచ్చి, పాత సిలిండర్లలోనే (బీగంలో చెవి దూరే ముక్క) పని చేస్తా, మూడు వేలివ్వండి, ఒక్క చెవి అన్నిటికీ పడుతుంది అన్నాడు. ఇచ్చాను. పడింది కూడా. పది రోజుల తర్వాత కోచింగ్ సెంటర్ కుర్రాడు పొరపాటున తన చెవి పెడితే ఆడిటర్ గారి తలుపు తెరుచుకుంది. ఆ ఫిట్టర్ చేసిందేమిటంటే లోపల పిన్నులు సగం తీసి పారేశాడు. మిగిలిన రెండు మూడు పిన్నులకు ఏ చెవైనా ఒకటి కుదురుతుంది కదా. ఆడిటర్ గారు పెద్దమనిషి కాబట్టి నన్ను ఒక్క మాటా అనలేదు, ఆ అనకపోవడమే ఎక్కువ బాధ.

అప్పుడు పోయాను ఈ షాపుకి. చిన్న షాపే, గోడ నిండా అలీగఢ్ ఇత్తడి తాళాలు, కౌంటర్ కింద పిన్నుల డబ్బాలు. భాయ్ ఇచ్చిన తెల్ల కాగితం మీద తలుపుల పేర్లు రాసుకుని రమ్మంటాడనుకున్నా. లేదు, ముందు మనుషుల పేర్లు రాయమన్నాడు. ఎవరెవరి దగ్గర చెవి ఉండాలి, వాళ్లు ఎక్కడిదాకా పోవాలి, ఏ టైంలో పోవాలి. నేను దర్జాగా ఫ్లోర్‌కొక మాస్టర్, పైన అన్ని ఫ్లోర్లకీ పడే గ్రాండ్ మాస్టర్, కింద ఎవరి చెవి వాళ్లకి అని మూడు మెట్లు గీసుకుని పోయాను, ఇంటర్నెట్‌లో చూసి. ఆయన చూసి, "ఫ్లోర్ మాస్టర్ ఎవరికిస్తారు సార్? మీకున్నది ఒక్క వాచ్‌మన్ కదా" అన్నాడు. నిజమే. నా దగ్గర జవాబు లేదు. ఆ మెట్టు కొట్టేశాడు.

మెట్టు ఎక్కువైతే ఏం పోయిందని అడిగితే ఒక సిలిండర్ విప్పి చూపించాడు. నేను చూసిన రివ్యూల్లో ఎవరూ ఇది చెప్పలేదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నా. లోపల ఆరు చిన్న బొక్కలు, ఒక్కోదాంట్లో కింద ఒక పిన్ను, పైన ఒక పిన్ను, దానిమీద స్ప్రింగు. సరైన చెవి పెడితే ఆరింట్లోనూ పై పిన్నుకీ కింది పిన్నుకీ మధ్య సందు ఒకే గీత మీదికి వస్తుంది, అప్పుడే లోపలి గొట్టం తిరుగుతుంది. మాస్టర్ కీ కావాలంటే ఆ రెండు పిన్నుల మధ్యలో సన్నటి బిళ్ల ఒకటి వేస్తారు. అప్పుడు సందు ఒకటి కాదు, రెండు ఎత్తుల్లో వస్తుంది, ఒకటి అద్దెకున్నాయన చెవికి, ఇంకోటి మాస్టర్‌కి. బాగుంది. కానీ ఆరు బొక్కల్లోనూ బిళ్ల వేస్తే రెండుని ఆరుసార్లు హెచ్చవేయండి, 64. అంటే ఆ తలుపు 64 రకాల చెవులతో తెరుచుకుంటుంది! మనకు కావాల్సినవి రెండు, మిగతా 62 ఎవడి జేబులో ఉన్నా ఉండచ్చు. ఇంకో మెట్టు పెడితే ఇంకో బిళ్ల, ఇంకా ఎక్కువ చెవులు. మాకు ఆయన నాలుగు బొక్కల్లోనే బిళ్లలు వేయించాడు. అప్పుడు 16. తలుపుకీ తలుపుకీ తేడా కోసం ఒక్కో బొక్కలో నాలుగేసి ఎత్తులు వాడుకోవచ్చు కాబట్టి 256 వేర్వేరు చెవులు లెక్కకు వస్తాయి, అన్నీ వాడుకోలేకపోయినా మా 23 తలుపులకు ఎక్కువే. అయితే దీనికీ ఒక ఇబ్బంది ఉంది, మిగతా రెండు బొక్కలకు సరిపోయే కోతలు అందరి చెవుల్లోనూ మాస్టర్‌లో ఉన్నట్టే ఉంటాయి, ఆ మేరకు రహస్యం తగ్గుతుంది. అది కూడా ఆయనే చెప్పాడు, దాచలేదు.

ఇంటికొచ్చి నేను కూడా కొంత చదివాను. 2003లో మాట్ బ్లేజ్ అనే అమెరికా కంప్యూటర్ పరిశోధకుడు ఒక సంగతి బయటపెట్టాడట, ఇట్లాంటి బిల్డింగులో తన గది చెవి ఒకటి, తన తలుపు, పిన్నుకొకటి చొప్పున ఖాళీ చెవులు (ఇంకా పళ్లు కోయనివి) ఉంటే చాలు, మొత్తం బిల్డింగు మాస్టర్ ఏమిటో కనుక్కోవచ్చని. బీగాల పని చేసేవాళ్లలో కొందరికి ముందే తెలుసంట, బయటికి చెప్పలేదంతే. మర్నాడు పోయి భాయ్‌ని నిలదీస్తే నవ్వి, "అందుకే కదా సార్ ఖాళీ చెవులు బజార్లో దొరకని సెట్టు తీసుకోమన్నా" అన్నాడు. ఈ సెట్టు గాడి వేరేగా ఉంటుంది, రోడ్డు పక్క చెవులు కోసేవాళ్ల దగ్గర అలాంటి ఖాళీ చెవి ఉండదు. డూప్లికేట్ కావాలంటే మనకిచ్చిన కార్డు చూపించి సంతకం పెట్టాలి, కంపెనీ నుంచే రావాలి. చెవి మీద 'డూప్లికేట్ చేయరాదు' అని చెక్కిస్తే సరిపోదా అన్నాను, అది చదివి ఆగిపోయినవాణ్ని తను ఇంతవరకూ చూడలేదన్నాడు.

బంగారం అప్పుల ఆఫీసుని అసలు మాస్టర్ కిందికే రానివ్వలేదు. వాళ్ల బీగం వాళ్లిష్టం, మన దగ్గర చెవి ఉందన్న మాట కూడా ఉండకూడదు, రేపు అక్కడ ఏదైనా పోతే మొదట పిలిచేది మిమ్మల్నే అన్నాడు. నాకు ఒంట్లో చల్లబడింది. కింద షట్టర్లు కూడా ఇందులోకి రావు, వాటిలో ఉండేది లివర్ల బీగం, ఈ పిన్నుల పద్ధతికీ దానికీ సంబంధం లేదు. అంటే నా 'ఒక్క చెవి' కల అక్కడే సగం పోయింది.

మెట్ల దగ్గర గ్రిల్ గేటుకి ఎవరి ఆఫీసు చెవి వాళ్లకు పడేట్టు చేయమని అందరూ అడిగారు. చేయచ్చట, కానీ పదిహేను రకాల చెవులు పట్టాలంటే ఆ సిలిండర్లో బిళ్లల మీద బిళ్లలు వేయాలి, చివరికి మా ఫిట్టర్ చేసిన బీగంలాగే అవుతుంది. బయటి గేటుకి అది వద్దని, దానికి విడిగా ఒక చెవి పెట్టి అందరికీ తలా ఒకటి ఇప్పించాడు. ఫ్లోర్ టాయిలెట్లకు మాత్రం ఆ ఫ్లోర్‌లో ఎవరి చెవైనా పడుతుంది, అక్కడ పోతే బకెట్టు, మగ్గు. కరెంటు గది, పంపు గది, లిఫ్టు గది, మేడ మీది తలుపు నాలుగింటికీ ఒకే చెవి, వాచ్‌మన్ దగ్గర.

కోచింగ్ సెంటర్ ఓనర్ తలుపుకి లోపల కూడా చెవి పెట్టే బీగం అడిగాడు, పిల్లలు మధ్యలో పారిపోతున్నారని. భాయ్ ఒప్పుకోలేదు. బయటికి పోయే దారిలో తలుపు లోపలినుంచి చెవి లేకుండా తెరుచుకోవాలని నేషనల్ బిల్డింగ్ కోడ్‌లోనే ఉంది, నేను చూశాను. 2019లో సూరత్‌లో కోచింగ్ సెంటర్ తగలబడి 22 మంది పిల్లలు పోయారు, అక్కడ కారణాలు వేరు కావచ్చు, కానీ ఆ వీడియోలు చూసినవాడెవడూ పిల్లలున్న గదికి లోపల బీగం వేయడు. లోపలివైపు తిప్పే నాబ్ పెట్టించాం. ఓనర్ ఇంకా నాతో సరిగా మాట్లాడటం లేదు.

ఇక మాస్టర్. రెండే రెండు చేయించాడు. ఒకటి బ్యాంకు లాకర్లో, ఒకటి కవర్లో పెట్టి అంటించి సీలు మీద నేనూ ఆడిటర్ గారూ సంతకాలు పెట్టి ఇంట్లో బీరువాలో. చెవి మీద మాస్టర్ అని గానీ బిల్డింగు పేరు గానీ లేదు, ఒక నంబరు అంతే. కవరు విప్పితే ఎందుకు, ఎప్పుడు, పక్కన ఎవరున్నారు అని పుస్తకంలో రాయాలి. అద్దె అగ్రిమెంటులో కూడా ఒక లైను కలిపించాను, నీళ్లు, నిప్పు, కరెంటు లాంటి అత్యవసరంలో తప్ప ఓనర్ తెరవడు, తెరిస్తే ఇంకో మనిషి ఉండాలి అని. మాస్టర్ పోతే ఏమవుతుందని అడిగితే, "23 సిలిండర్లూ విప్పి మళ్లీ పిన్నులు మార్చాలి సార్, అలాంటి రోజు రాకూడదు" అన్నాడు. అద్దెకున్నవాళ్లు మారితే మాత్రం పెద్ద పని లేదు, ఒక స్క్రూ విప్పి సిలిండర్ మార్చడమే, అందుకు ఆరు సిలిండర్లు స్పేరు పెట్టించాడు. మార్చిలో ఒకరు ఖాళీ చేస్తే పావుగంటలో అయిపోయింది.

కార్డు తాళాల గురించి కూడా అడిగాను, మంచివే అన్నాడు, బ్యాటరీలు ఎవరు మారుస్తారు అన్నాడు, ఆ మాటతో వదిలేశాను.

ఒక స్టారు ఎందుకు కోశానో చెప్పాలి కదా. ఇరవై రోజులన్న సరుకు ఆరు వారాలకు వచ్చింది. లేటు చేసింది కంపెనీవాళ్లా షాపువాళ్లా నాకు ఇంతవరకూ తేలలేదు, అందుకే కంపెనీ పేరు రాయడం లేదు. రెండోది, కొలతలకు వచ్చిన కుర్రాడు తలుపు మందం చూశాడు గానీ హ్యాండిల్ ప్లేటు మందం లెక్కలోకి తీసుకోలేదు. మా తలుపులకు వేసిన యూరో రకం సిలిండర్‌ని మధ్యలో స్క్రూ పడే చోటునుంచి రెండు వైపులా విడివిడిగా కొలవాలి, బయట రెండు మూడు మిల్లీమీటర్లకు మించి పొడుచుకుని రాకూడదు, వస్తే పకారుతో పట్టి విరిచేస్తారు. మాకు 60 రావాల్సిన చోట 70 వచ్చాయి, మూడు తలుపులకు. మార్చి ఇచ్చారు, డబ్బు అడగలేదు, కానీ ఇంకో మూడు వారాలు ఆ తలుపులకు పాత కప్పలే. అదనపు చెవి కావాలన్నా ఇంతే, పోయి నిలబడి కోయించుకుని వచ్చేది కాదు. మొత్తం 46 వేల చిల్లర అయింది, అందులో ప్లానుకీ చార్టుకీ మూడు వేలు. ఆ మూడు వేలు ఎందుకని ముందు గొణిగాను, ఇప్పుడు ఆ చార్టు కాగితం జెరాక్సు తీయించి లాకర్లో పెట్టుకున్నాను.

మామూలు తాళానికి పోయేవాళ్లకు: రిపేరు బాగా చేస్తాడు, బేరం పెద్దగా ఉండదు. చెవి గట్టిగా తిరుగుతుంటే కొబ్బరినూనె పోసుకుని పోకండి, మన ఊరి దుమ్ముకి ఆ నూనె లోపల జిగటగా పట్టేస్తుంది, ఆయన తిడతాడు. చిన్న సీసాలో గ్రాఫైట్ పొడి ఇస్తాడు, ఏడాదికి ఒకసారి ఊదితే చాలు. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకి పోతాడు, మూడు దాటాక వెళ్లండి. బండి మాత్రం షాపు ముందు పెట్టద్దు, పక్క షాపాయనకు కోపం ఎక్కువ.