స్పామ్‌అసాసిన్: ఫిల్టర్ మంచిదే, రూల్స్ అందుతున్నాయో లేదో చూసుకోండి

వరంగల్ ఏనుమాముల మార్కెట్ దగ్గర ఒక మిర్చి అడ్తి దుకాణంలో లెక్కలు, కంప్యూటర్లు రెండూ నేనే చూస్తాను. మెయిల్ సర్వర్ మా దుకాణంలోనే ఉంది. నాలుగేళ్లుగా దాని మీద స్పామ్‌అసాసిన్ అనే, చెత్త మెయిళ్లను (స్పామ్) గుర్తుపట్టే ఫిల్టర్ నడుస్తోంది. అపాచీ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ వాళ్లది, పైసా ఖర్చు లేదు. ఒక్కో రూల్ ప్రకారం మెయిల్‌కు మార్కులు వేస్తుంది, మొత్తం 5కు చేరితే స్పామ్ కింద లెక్క. ఏయే రూల్స్ తగిలాయో, మొత్తం ఎన్ని మార్కులు పడ్డాయో మెయిల్ పైభాగంలోని హెడర్‌లోనే రాసి పెడుతుంది. నాకు దీని మీద నమ్మకం కుదిరింది అందుకే.

మొన్న ఫిబ్రవరిలో, యార్డు నిండా తేజ మిర్చి బస్తాలు ఉన్న రోజుల్లో, దొంగ ఇన్‌వాయిస్‌లు, లోన్ మెయిళ్లు ఇన్‌బాక్స్‌లో కుప్పలు పడ్డాయి. గుంటూరు పార్టీ పంపిన లోడ్ వివరాలు వాటి కింద పడి సాయంత్రం దాకా కనబడలేదు. లారీ ఆగిపోయింది. సేటు ఒక్క మాట అనలేదు గానీ, ఆ టెన్షన్‌కు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

రూల్స్ ఫోల్డర్ తెరిస్తే ఫైళ్ల మీద ఏడు నెలల కిందటి తేదీ! కొత్త రూల్స్ తెచ్చే ఎస్ఏ-అప్‌డేట్ అనే ప్రోగ్రామ్ రోజూ నడిచేలా క్రాన్‌లో (టైముకు పనులు నడిపేది) లైను ఉంది. కానీ మొదట్లో పెట్టిచ్చినాయన దాని మెసేజ్‌లన్నీ పారేసేలా రాశాడు. ఎర్రర్ వస్తున్నా మాకెలా తెలుస్తుంది? లోపల ఏం జరుగుతోందో చూపే డీబగ్ ఆప్షన్ పెట్టి, దాన్ని చేత్తో నడిపాను. రూల్స్ కొత్త వెర్షన్ నంబరును ఎస్ఏ-అప్‌డేట్ డీఎన్ఎస్‌లో (ఇంటర్నెట్ పేర్లకు అడ్రస్‌లు చెప్పే వ్యవస్థ) టీఎక్స్‌టీ రికార్డుగా, అంటే చిన్న రాతగా, అడుగుతుంది. మా ఇంటర్నెట్ కంపెనీ డీఎన్ఎస్ దానికి జవాబే ఇవ్వడం లేదు. సర్వర్‌లోనే అన్‌బౌండ్ అనే సొంత డీఎన్ఎస్ ప్రోగ్రామ్ వేసుకున్నాను, వెంటనే రూల్స్ దిగాయి.

అయినా మర్నాడు అదే చెత్త. ఇక్కడే సగం రోజు పోయింది. రూల్స్ డిస్క్ మీదికి వచ్చాయి గానీ, వెనకాల ఎప్పుడూ నడుస్తూ ఉండే స్పామ్‌అసాసిన్ ప్రోగ్రామ్, స్పామ్‌డి, పాతవాటితోనే పని చేస్తోంది. లింట్ చేసి తప్పుల్లేవని చూసుకుని, రీస్టార్ట్ చేశాక పట్టుకోవడం మొదలుపెట్టింది.

ఇంకో సంగతి, ఎస్ఏ-అప్‌డేట్ పని ముగిశాక 1 అనే కోడ్ తిరిగిస్తే కంగారు పడకండి. కొత్తవేమీ లేవని అర్థం. 0 వస్తే కొత్తవి దిగినట్టు, 4 గానీ ఆపైన గానీ వస్తే ఎర్రర్. అందుకే నా క్రాన్ ఇప్పుడు 0 వచ్చిన రోజే స్పామ్‌డిని రీస్టార్ట్ చేస్తుంది, 4 గానీ ఆపైన గానీ వస్తే నాకు మెయిల్ కొడుతుంది.

అప్‌డేట్లతో పనేముందనే వాళ్లకు 2010 జనవరి 1 గుర్తు చేస్తాను. ఆ ఏడాది తేదీ ఉంటే చాలు, మంచి మెయిళ్లకు కూడా ఒక పాత రూల్ స్పామ్ మార్కులు వేసింది. దాని సవరణ కూడా ఎస్ఏ-అప్‌డేట్ ద్వారానే అందింది.

ఐదుకు నాలుగున్నర ఇస్తాను. రూల్స్ పాతబడ్డాయని ఫిల్టరే ఒక మాట చెప్పి ఉంటే ఐదూ ఇచ్చేదాన్ని. రీస్టార్ట్ చేసినప్పటి నుంచి గుంటూరు మెయిల్ ఒక్కటీ తప్పిపోలేదు.